చౌక లైసెన్సుల బేరము

పొలము కొనదలచినవాడు ధర మాట తరువాత, ముందు దస్తావేజు చూపుమనును. అమ్మువానికి ఆ భూమి యెట్లు సంక్రమించెను, దానిపై తనఖా కలదా, అన్నదమ్ములకు భాగము కలదా యని నలుగురిని విచారించి, రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీయించి, లింకు దస్తావేజులు వకీలునకు చూపించిన పిమ్మట గాని బయానా యీయడు. ఇంతటి జాగరూకుడే తన పాత కంప్యూటరునకు ఆపరేటింగు సిస్టము లైసెన్సు కావలసివచ్చినప్పుడు, పేరూరు తెలియని వర్తకుని వద్ద, ఇంటర్నెట్టులో, ఐదారువందల రూపాయలకు ఇరువదియైదు అక్షరముల వరుస నొకదానిని కొని, గొప్ప బేరము కుదిరినదని సంతసించుచున్నాడు. ఆ అక్షరము లెవరివి, వానిని అమ్ముటకు ఆ వర్తకునకు గల హక్కేమి యని అడుగుట లేదు. ఈ విషయమై చదువరులకు నాలుగు మాటలు చెప్పుట మా కర్తవ్యమని తలచుచున్నాము.

ఈ బేరమునకు జనులు దిగుటకు తగిన కారణములు లేకపోలేదు. పెద్ద కార్యాలయములు మూడు నాలుగేండ్లు వాడి విడిచిన కంప్యూటర్లు సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు మొదలుకొని జిల్లా పట్టణముల వీథుల వరకు విక్రయమునకు వచ్చుచున్నవి. చదువుకొను పిల్లలున్న గృహస్థులు, చిన్న పాఠశాలలు, ముద్రణాలయములు, కమీషను వ్యాపారులు వానిని కొని పని గడుపుకొనుచున్నారు. అది మంచి పనియే. యంత్రము చెడక మునుపే దానిని చెత్తలో వేయుట ధనమునకును లోకమునకును చేటు. కాని మైక్రోసాఫ్టు కంపెనీ తన విండోసు 10కు సాధారణ పోషణమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. గృహస్థుల యంత్రములకు భద్రతా సవరణలను మాత్రము 2026 అక్టోబరు 13వ తేదీ వరకు ప్రత్యేక పద్ధతిపై ఒసగుదుమని ప్రకటించినది. 2021 అక్టోబరు 5వ తేదీన వెలువడిన విండోసు 11 కావలెనన్న, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా సాధనమును, కంపెనీ జాబితాకెక్కిన ప్రాసెసరును యంత్రమునందుండవలెను. ఇంటెలు వారి ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసర్లలో దాదాపు అన్నియు ఈ జాబితాకు వెలుపలివే. పోనీ, క్రొత్త లైసెన్సు కొందమన్న, అమెరికాలో దాని ధర గృహోపయోగపు తరగతికి 139 డాలర్లు, వృత్తిపరుల తరగతికి 199 డాలర్లు. మన బజారులో పాత కంప్యూటరు ఖరీదే యంత యుండని తావు లెన్నో కలవు. బండి ఖరీదుకన్న నొగల ఖరీదు హెచ్చైనప్పుడు మనుష్యుడు చౌక నొగలను వెదకుకొనుట సహజము.

మా యనుభవ మొకటి యిచట చెప్పుట అప్రస్తుతము కాదు. తెలుగు ముద్రణాలయములలో పెక్కింటివలెనే మా కార్యాలయమునను పేజ్‌మేకరును, అను లిపులును వాడుకలో నున్నవి. పేజ్‌మేకరు 7.0 వెలువడినది 2001లో. తరువాత దానికి క్రొత్త కూర్పు రాలేదు. ఏండ్ల తరబడి కూర్చిన మా వ్యాసములు, పంచాంగములు, ప్రకటనలు సమస్తమును ఆ లిపులలోనే బద్ధమై యున్నవి. కావున మాకు విండోసు గల యంత్రము తప్పనిసరి. కొంతకాలము క్రిందట పాత కంప్యూటరు నొకదానిని కొంటిమి. దానిలో నెవరో ఎంటర్‌ప్రైజు తరగతి విండోసు నెక్కించి, లైసెన్సు లేకుండ విడిచిరి. మా కంపోజింగు విభాగములోని యువకుడు ఇంటర్నెట్టులో విచారించి 650 రూపాయలకొక కీ కొనెను. పది నిముషములలో ఈమెయిలు వచ్చెను. కీతోపాటు, కంప్యూటరులో టైపు చేయవలసిన ఆజ్ఞావాక్య మొకటియు దానిలో నుండెను. చెప్పినట్లు చేయగా యాక్టివేషను జరిగెను. అందరమును సంతోషించితిమి.

ఆరు నెలలు నిండకమునుపే తెర మూలలో యాక్టివేటు చేయుడను హెచ్చరిక ప్రత్యక్షమయ్యెను. అమ్మినవానికి వ్రాయగా ఉత్తరము తిరిగివచ్చెను. ఆ దుకాణమును అచ్చట లేదు. అప్పుడు జ్ఞానులను విచారింపగా తెలిసినదేమనగా: మేము కొన్నది వేరొక సంస్థ సామూహిక వినియోగమునకు ఉద్దేశింపబడిన పద్ధతిలోని కీ. ఆ పద్ధతిలో యాక్టివేషను 180 దినములే నిలుచును. అంతలో సంస్థ తన సర్వరుద్వారా దానిని మరల మరల నవీకరించుచుండవలెను. మేము తెలియక టైపు చేసిన ఆ వాక్యము మా యంత్రమును ఎవరిదో తెలియని సర్వరుకు కట్టివేసినది. ఆ సర్వరు మూతపడిన పిమ్మట నవీకరణము లేక, గడువు తీరగానే మా హక్కును అంతరించెను. పని యేమో ఆగలేదు. యాక్టివేషను లేకున్నను విండోసు నడుచుచునే యుండును. కాని పత్రికకు వచ్చు ఉత్తరములు, లెక్కలు, చందాదారుల చిరునామాలు గల యంత్రము అజ్ఞాతుని సర్వరుతో మాటలాడుచుండెనని తెలిసి మేము కొంత కలవరపడితిమి.

ఇందులో మరియొక వింత కలదు. 2012లో విండోసు 8 వచ్చినది మొదలు పెద్ద తయారీదారులు లైసెన్సు కీని యంత్రపు ఫర్మువేరులోనే నిక్షేపించుచున్నారు. మేము కొన్న యంత్రమునందును వృత్తిపరుల తరగతికి చెందిన కీ మొదటినుండియు నుండెను. ఎంటర్‌ప్రైజు తరగతి నెక్కించుటచేత అది నిరుపయోగముగ పడియున్నది. కంపెనీ వారి స్వంత వెబ్‌సైటునుండి సరియైన తరగతి విండోసు 10ను దింపి యెక్కింపగా, ఒక్క పైసా ఖర్చు లేకుండ యాక్టివేషను దానంతటదే జరిగెను. ఇంటిలోని గాదె తెరచి చూడక ధాన్యము అప్పు తెచ్చుకొన్న వాని కథ మాది యైనది.

అసలు ఈ లైసెన్సనునదేమి? భూస్వాములగు మా పాఠకులకు ఇది సులభముగ బోధపడగలదు. పొలమును సర్వహక్కులతో అమ్ముట వేరు, కౌలున కిచ్చుట వేరు. విండోసును ఎవరైనను కంపెనీ వెబ్‌సైటునుండి ఉచితముగ దింపుకొనవచ్చును. కొనునది దానిని వాడుకొను అనుమతి మాత్రమే. ఆ అనుమతియు మూడు విధములు. మొదటిది దుకాణములో విడిగా అమ్మునది. దీనిని ఒక యంత్రమునుండి తొలగించి మరియొక యంత్రమునకు మార్చుకొనవచ్చునని కంపెనీ నిబంధనలే చెప్పుచున్నవి. రెండవది యంత్రముతోపాటు తయారీదారు ఇచ్చునది. ఇది ఆ యంత్రమునకు కట్టుబడియుండును. నిబంధనల ప్రకారము యంత్రముతోడనే అన్యులకు చేరవలెను. మూడవది సంస్థలు తమ ఉద్యోగులకై టోకుగా తీసికొనునది. దీనినుండి ఒక్కొక్క కీని చిల్లరగా అమ్ముటకు ఆ సంస్థలకు అధికారము లేదు. బజారులో ఐదారువందలకు దొరకునది సాధారణముగ రెండవదో, మూడవదో యగుచున్నది. పాడైన యంత్రముల మీది చీట్లనుండి ఎత్తివ్రాసినవి కొన్ని. విద్యాలయములనుండి, సంస్థలనుండి బయటికి పొక్కినవి కొన్ని. దొంగిలించిన క్రెడిటు కార్డులతో కొన్నవియు లేకపోలేదు. ఒకే కీని పదిమందికి అమ్మువారును కలరు. ఒకే పొలమును ఇద్దరికి రిజిస్టరు చేయించిన ఘనుల నెరిగిన మన కిది క్రొత్త విద్య గాదు.

అయినచో పాత లైసెన్సును అమ్ముటయు కొనుటయు సర్వత్ర నేరమేనా? కాదు. ఈ ప్రశ్నపై పాశ్చాత్య దేశముల న్యాయస్థానములు విపరీత భేదముగల తీర్పు లిచ్చినవి. జర్మనీ అత్యున్నత సివిలు న్యాయస్థానము 2000 జూలై 6వ తేదీననే, యంత్రముతో కూడ మాత్రమే అమ్మవలెనని మైక్రోసాఫ్టు విధించిన షరతు, న్యాయముగ చేతులు మారిన ప్రతిని తరువాత కొన్నవానిని కాపీరైటు పేరిట బంధింపజాలదని నిర్ణయించినది. పిదప ఆరకిలు కంపెనీకిని, పాత లైసెన్సుల వ్యాపారము చేయు యూస్డ్‌సాఫ్టు అను జర్మను కంపెనీకిని నడచిన వ్యాజ్యములో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2012 జూలై 3వ తేదీన తీర్పు చెప్పినది. తగిన ధర తీసికొని, కాలపరిమితి లేని వాడుక హక్కు నిచ్చినచో అది విక్రయమే యనియు, డిస్కుపై వచ్చినను ఇంటర్నెట్టుద్వారా దిగినను భేదము లేదనియు, ఆ మొదటి విక్రయముతో ఆ ప్రతిపై కంపెనీకి గల పంపిణీ హక్కు తీరిపోవుననియు ఆ తీర్పు సారాంశము. అయితే రెండు కట్టుబాట్లు కలవు. అమ్మువాడు తన యంత్రముపై నున్న ప్రతిని నిరుపయోగము చేయవలెను. ఇరువదియైదుమందికని కట్టగా తీసికొన్న లైసెన్సును చీల్చి, మిగిలిన భాగమును మాత్రము అమ్మరాదు. 2016 అక్టోబరు 12వ తేదీన అదే న్యాయస్థానము, అసలు డిస్కు పాడైనదను నెపముతో నకలు డిస్కును అమ్ముట చెల్లదని చెప్పినది.

అమెరికాలో గాలి వేరు దిక్కున వీచినది. పుస్తకము నొకసారి అమ్మిన పిదప దాని తరువాతి ధరను ప్రకాశకుడు శాసింపజాలడని ఆ దేశపు సుప్రీం కోర్టు 1908లోనే తీర్పు చెప్పియుండెను. కాని వెర్నరు అను వర్తకుడు ఒక కార్యాలయమునుండి కొన్న ఆటోక్యాడు పాత ప్రతులను ఈబేలో అమ్మబూనగా, 2010లో అచ్చటి తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము, ఆటోడెస్కు కంపెనీ వానిని విక్రయింపలేదు, షరతులతో లైసెన్సు మాత్రమే యిచ్చినది, కావున కొన్నవాడు స్వామి కాడు, తిరిగి అమ్ముటకు అతనికి హక్కు లేదు అని తేల్చినది. సముద్రమున కావల వైపున విక్రయమైనది ఈవల వైపున కౌలైనది. ఒకే సరకునకు రెండు స్వభావములు ఏర్పడినవి.

మన దేశపు మాట యేమి? మన కాపీరైటు చట్టము 1957 నాటిది. 1984లో కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనలలో చేర్చిరి. 1994 సవరణలో, ఒక ప్రతి యంతకు మునుపు అమ్ముడుపోయినను, మరల అమ్ముట కాపీరైటుదారుని హక్కే యను అర్థమిచ్చు మాటల నుంచిరి. 1999 సవరణలో ఆ మాటలను తీసివేసిరి. ఈ తీసివేత చిన్నది కాదు. పాత ప్రతిని మరల అమ్ముకొనవచ్చునను వాదమునకు ఇదియే బలము. సుప్రీం కోర్టు 2004 నవంబరు 5వ తేదీన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో, డిస్కుపై నమ్ము సిద్ధ సాఫ్టువేరు సరకే యనియు, మన రాష్ట్రపు అమ్మకపు పన్ను చట్టము దానికి వర్తించుననియు నిర్ణయించినది. 2021 మార్చి 2వ తేదీన మరియొక తీర్పులో, సాఫ్టువేరు ప్రతికై యిచ్చు సొమ్ము కాపీరైటును వాడుకొన్నందుకిచ్చు రాయల్టీ కాదని చెప్పినది. కాని ఈ రెండును పన్నును గూర్చిన వ్యాజ్యములు. పాత లైసెన్సు కొన్న గృహస్థుని హక్కును అవి తేల్చలేదు. పన్ను వసూలు చేయునప్పుడు సరకు, కొన్నవాడు తిరిగి అమ్మబోవునప్పుడు లైసెన్సు అనుట యెంతవరకు న్యాయమని మేము ప్రశ్నించుచున్నాము.

ఈ సందేహము న్యాయముగ చేతులు మారిన లైసెన్సును గూర్చినది మాత్రమే. దొంగ కీ విషయమున సందేహమేమియు లేదు. కంప్యూటరు ప్రోగ్రాము అక్రమ ప్రతియని యెరిగియు దానిని వాడువానికి ఈ చట్టపు 63బి విభాగము ఏడు దినములకు తగ్గకుండ మూడేండ్ల వరకు ఖైదును, 50,000 రూపాయలకు తగ్గకుండ 2,00,000 రూపాయల వరకు జుల్మానాను విధించుచున్నది. లాభమునకు గాని వ్యాపారమునకు గాని వాడనిచో న్యాయాధిపతి కారణములు వ్రాసి ఖైదును మినహాయింపవచ్చును. వ్యాపారస్థులును, పాఠశాలలు నడుపువారును ఈ భేదమును గమనింపవలెను. ఇంటిలో కుమారుడు పాఠము వ్రాసికొనుటకును, దుకాణములో జమాఖర్చు వ్రాయుటకును చట్టము ఒకే తూనిక వేయదు.

ఇందు దోషమంతయు చౌక కోరినవానిదే యని మేము తీర్పు చెప్పజాలము. దుకాణములో విండోసు కొనుడని ప్రకటించి, ఎవరును చదువని సన్నని అక్షరములలో ఇది విక్రయము కాదు, అనుమతియే యని వ్రాసికొనుట పెద్ద కంపెనీలకు గౌరవము కాదు. కడుపు నిండ పని చేయు యంత్రములను తమ జాబితాలో లేవని త్రోసివేయుటయు ప్రశంసార్హము కాదు. న్యాయమైన ధరకు, న్యాయమైన దస్తావేజుతో పాత లైసెన్సు దొరకు బజారున్నచో ఈ చీకటి బజారు సగము మూతపడును. ఐరోపాలో అట్టి బజారు ఒకింత నడుచుచున్నది; మనకు లేదు.

కావున పాత కంప్యూటరు గలవారు చేయదగినదేమి? మొదట యంత్రమునందే లైసెన్సు కలదేమో చూచికొనవలెను. సెట్టింగులలో యాక్టివేషను పుటను తెరచినచో, ఎక్కియున్న విండోసు యాక్టివేటు అయినదో లేదో తెలియును. యంత్రము విండోసు 11కు అర్హము కానిచో ఆ పేరుగల కీ యెంత చౌకైనను కొనుట వ్యర్థము; కీ యెక్కడను పాత యంత్రమును క్రొత్తది చేయజాలదు. తప్పక కొనవలసివచ్చినచో అది ఏ విధమైన లైసెన్సో అడుగవలెను. మొదటి కొనుగోలు రశీదు చూపుమనవలెను. అమ్మువాడు తన యంత్రమునుండి దానిని తొలగించితినని వ్రాసియీయవలెను. ఆజ్ఞావాక్యములు టైపు చేయుమనువానిని, తన లింకునుండియే విండోసును దింపుకొనుమనువానిని, యాక్టివేటరు అను సాధనము నడుపుమనువానిని తక్షణము విడిచిపెట్టవలెను. అట్టి సాధనములలో దాగి వచ్చు దొంగ ప్రోగ్రాములు బ్యాంకు ఖాతాకే ముప్పు తెచ్చును. 2020 నాటి ఈ-కామర్సు నియమముల ప్రకారము ఆన్‌లైను వర్తకుడు తన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరములు తెలుపవలెను. అవి లేనివాని వద్ద కొనరాదు. మోసపోయినవారు వినియోగదారుల సహాయమునకు 1915 నంబరును, డబ్బు అపహరింపబడినచో 1930 నంబరును వెంటనే ఆశ్రయింపవచ్చును.

ఈ బేరమే అక్కరలేని మార్గమొకటి కలదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినసు టోర్వాల్డ్సు మొదలిడిన లినక్సు, దానికి ముందే 1983లో రిచర్డు స్టాల్‌మను ప్రకటించిన గ్నూ ఉద్యమము కలసి, ఎవరైనను వాడుకొని, నకలు తీసి, పరులకు పంచదగిన ఆపరేటింగు సిస్టములను లోకమున కిచ్చినవి. లినక్సు మింటు అను పంపకము 4 జి.బి. మెమొరీ గల పాత యంత్రముపై హాయిగా నడుచును. మన సి-డ్యాకు సంస్థ బాస్ అను పేర భారతీయ భాషలతో ఒకటి రూపొందించినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో మరియొకటి సిద్ధపరచినది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి ఈ మార్గముననే నడుచుచున్నవి. ఉత్తరములు, లెక్కలు, పిల్లల చదువు, ఇంటర్నెట్టు వీనికి ఇవి చాలును. అయితే విండోసుపై మాత్రమే నడుచు జమాఖర్చు ప్రోగ్రాములు గలవారును, మావలె అను లిపులకు కట్టుబడినవారును ఒక్క దినములో ఈ దారికి మరలజాలరని మేము అనుభవముచే నెరుగుదుము. మార్గము మంచిదని చెప్పుచు, దానిలోని ముండ్లను దాచుట మాకు సమ్మతము కాదు.

మా కార్యాలయములో ప్రస్తుతము ఏర్పాటిట్లున్నది. పాత యంత్రము తన స్వంత కీతో పేజ్‌మేకరు పని మాత్రము చేయుచున్నది. దానికి ఇంటర్నెట్టు తీగ తీసివేసితిమి. ఉత్తర ప్రత్యుత్తరములకు దానికన్న పాతదగు మరియొక యంత్రముపై లినక్సు నెక్కించితిమి. పాత వ్యాసములను నెమ్మదిగా యూనికోడులోనికి మార్పించుచున్నాము. ఆ పని ముగిసిన నాడు మాకు ఎవరి కీతోడను నిమిత్తముండదు.

శాసనసభ్యులకు మా మనవి యొకటి. కొన్న సాఫ్టువేరు ప్రతిని, తన యంత్రమునుండి తొలగించి, అన్యులకు అమ్ముకొను హక్కు పౌరునకు కలదో లేదో చట్టములో ఒక్క వాక్యమున స్పష్టపరచుడు. కలదన్నచో అమ్మకము దస్తావేజుతో వెలుగులో జరుగును. లేదన్నచో దానిని విక్రయమని పిలిచి డబ్బు పుచ్చుకొనుట మానుమని కంపెనీలను ఆదేశింపుడు. అంతదాక మా పాఠకులు పొలము కొనునప్పుడు అడుగు ప్రశ్నలనే ఈ కీని కొనునప్పుడును అడుగుదురుగాక. జవాబు చెప్పలేని వర్తకుని వద్ద ఆరువందలు మిగిలినట్లు తోచుట భ్రాంతి యని మా 650 రూపాయలు మాకు నేర్పినవి.